మీవైపు గిన్నె

చర్చి గిన్నెలు రెండూ బుధవారం పొద్దున పూతపనివాడి కొట్టుకి వచ్చాయి. తెచ్చినావిడ తాళాలమ్మ. చర్చి తలుపులు తీసేదీ మూసేదీ, బల్లమీద గుడ్డలు మార్చేదీ, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారం అయ్యాక గిన్నెలు కడిగేదీ ఆవిడే. నడుముకి ఎప్పుడూ తాళాలగుత్తి వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టలేదు. గిన్నెల్ని విడివిడిగా రెండు తువ్వాళ్ళలో చుట్టి, పసిపిల్లల్ని మోసుకొచ్చినట్టు గుండెకి హత్తుకుని తెచ్చింది. ఆదివారానికి తళతళలాడాలని చెప్పి, "నీ రోజే కదా బాబూ" అని నవ్వి వెళ్ళిపోయింది.

నిజమే, అతని రోజే. ఆ ఆదివారం అతన్ని సంఘపెద్దగా నిలబెడుతున్నారు. ఆ చర్చికి వందేళ్ళు దాటాయి. వెనక బెంచీల్లోంచి ఒక మనిషిని సంఘపెద్దగా ఎంచుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

వెనక బెంచీల్లో కూర్చోమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బోర్డూ పెట్టలేదు. ముందు తొమ్మిది వరసల్లో అసలువాళ్ళు కూర్చుంటారు, అంటే ఆ చర్చి కట్టించినవాళ్ళ మనవలూ మునిమనవలూ. ఆ తర్వాత రెండు వరసలు ఎప్పుడూ ఖాళీ. ఆ ఖాళీ వెనక కూర్చునేవాళ్ళని వచ్చినవాళ్ళంటారు. వీళ్ళ తాతల్ని రేవు తవ్వడానికి ఓడల్లో తీసుకొచ్చారు. వీళ్ళు ఇక్కడే పుట్టారు, ఇక్కడి మాటే మాట్లాడతారు, ఇక్కడి దేవుణ్ణే కొలుస్తారు. కానీ ఒంటిరంగూ జుట్టూ చూస్తే చాలు, ఎవరు ఎవరో దారినపోయే దానయ్య కూడా చెప్పేస్తాడు. అందుకని మూడు తరాలైనా వచ్చినవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. చేరడమనేది కాలేదు.

సంగతి తెలిసిన దగ్గర్నుంచీ పూతపనివాడి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. మామూలుగా నోరు విప్పని మనిషి, పని చేసుకుంటూ కూనిరాగాలు తీస్తున్నాడు. మెరుగుపెట్టే బఫింగ్ మోటారు దగ్గర కూర్చునే అతని బావమరిది ఇదంతా చూసి ఊరుకోగలడా? "పెద్దమనిషిగారూ, కాస్త ఆ ఇసకకాగితం ఇలా పారేస్తారా, లేక మేమే లేచి వచ్చి దణ్ణంపెట్టి తీసుకోవాలా?" అంటూ మూడు రోజులుగా ఒకటే ఆటపట్టింపు. ఆ ఆటపట్టింపు కూడా పూతపనివాడికి తియ్యగానే ఉంది.

గిన్నెలు విప్పి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకున్నాడు. ఏ వస్తువైనా చేతిలోకి తీసుకోగానే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పెయ్యడం అతనికి అలవాటు. లోపల ఇత్తడి, పైన వెండిపూత. ఒకే అచ్చులో పోసిన జంట. మొదటిదాని అంచు చుట్టూతా ఒకే తీరున పల్చబడింది. ఎందుకో అతనికి తెలుసు. ఒకరు తాగాక అంచుని గుడ్డతో తుడిచి, గిన్నెని కాస్త తిప్పి పక్కవాళ్ళకి అందిస్తారు. తిప్పగా తిప్పగా చుట్టూ సమంగా అరుగుతుంది. రెండోది అలా లేదు. దాని అంచు ఒక్కచోటే, బొటనవేలి వెడల్పున, ఇత్తడి పచ్చగా బయటపడేదాకా అరిగిపోయింది. ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరూ తిప్పలేదు. నోటి తర్వాత నోరు అక్కడే ఆనింది.

బోర్లించి చూశాడు. గిన్నె నిలబడే పీట అడుగున ఒక గుర్తు ఉంది. రెండు వంకర గీతలు, ఒకదానిమీంచి ఒకటి. పూతపనివాళ్ళు వేసుకునే గుర్తు కాదది, మేకుతో గీకింది. పాత గీతమీద కొత్త గీత, దానిమీద ఇంకో కొత్త గీత. మొదటి గిన్నె అడుగున ఏమీ లేదు. అద్దంలా నున్నగా ఉంది.

రెండు గిన్నెలు ఎందుకంటే జనం ఎక్కువ కాబట్టి, తొందరగా అయిపోతుంది కాబట్టి అనుకుంటూ వచ్చాడు ఇన్నేళ్ళూ. ఇప్పుడూ అలాగే అనుకుందామని చూశాడు. ఆ పూటంతా గిన్నెల్ని వేన్నీళ్ళ తొట్లో పెట్టి జిడ్డు వదిలిస్తూ, మనసులో మాత్రం ఆ రెండు గీతల్నే గోకుతూ కూర్చున్నాడు.

*

గురువారం తాళాలమ్మ పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చింది. పూతపనివాడు ఊరికే అడిగినట్టుగా, ఈ గుర్తేమిటమ్మా అన్నాడు.

"అదా? అది మీవైపు గిన్నె బాబూ" అంది ఆవిడ. "కడిగేటప్పుడు కలిసిపోకుండా పెట్టాం. గుర్తు పోనివ్వకేం. ఏటా నేనే మేకుతో గీకుతుంటాను, కళ్ళు సరిగ్గా ఆనక వంకరటింకరగా వస్తోంది."

ఆవిడ గొంతులో దాపరికం లేదు. అతన్ని చిన్నబుచ్చాలన్న ఉద్దేశమూ లేదు. ఇది చేతులు తుడుచుకునే గుడ్డ, అది బల్ల తుడిచే గుడ్డ అని చెప్పినట్టే చెప్పింది. చెడ్డమనిషి అయ్యుంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా వీలుండేది. నిరుడు అతని పెళ్ళాం జ్వరంతో పడుకుంటే నాలుగు రోజులు క్యారియరు మోసుకొచ్చింది ఈవిడే.

ఆవిడ అక్కడితో ఆగలేదు. ఇన్నేళ్ళూ మీవైపు గిన్నె బడిపంతులుగారు అందించేవారనీ, మోకాళ్ళ నొప్పులని ఆయన మానుకున్నారనీ, మిగతా పెద్దల్ని అడిగితే ఒకాయనకి నడుము పట్టేసిందనీ, ఒకాయనకి కళ్ళు తిరుగుతున్నాయనీ, ఇంకొకాయన పెళ్ళాం ఒప్పుకోలేదనీ చెప్పుకొచ్చింది. "రెండు నెలలు పాస్టరుగారు తలపట్టుకున్నారనుకో. చివరికి దేవుడు నిన్ను చూపించాడు."

పూతపనివాడు అలాగేనమ్మా అన్నాడు. ఆవిడ వెళ్ళాక చాలాసేపు కుళాయి కింద చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు. తన మంచితనం చూసి, తన నమ్మకం చూసి పిలిచారనుకున్నాడు. నలుగురు పెద్దమనుషులకి ఒకేసారి వీలు పడకపోతే తను పెద్దమనిషి అయ్యాడన్నమాట. సంగతి విన్నరోజు మోకాళ్ళమీద కూర్చుని అరగంట కృతజ్ఞత చెప్పుకున్నాడు. అది తలుచుకుంటే ఇప్పుడు తలకొట్టేసినట్టుంది.

బావమరిది మోటారు ఆపేసి అంతా విన్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది. "నేనైతే ఆ గిన్నె తీసుకెళ్ళి వాళ్ళ మొహాన కొడతాను బావా. నువ్వు అలాగేనమ్మా అంటావేమిటి?" అన్నాడు. పూతపనివాడు కుళాయి కట్టేసి కొట్టు మూసే పనిలో పడ్డాడు.

ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పాడు. ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. తల ఎత్తకుండానే తనకి తెలుసంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తాళాలమ్మకి సాయంగా గిన్నెలు కడగడానికి వెళితే, దీనికి ఈ నీళ్ళు, దానికి ఆ నీళ్ళు అని చెప్పిందట.

"తెలిసి ఏం చేశావు?" అన్నాడు.

"ఏం చేస్తాను? తాగాను." చొక్కా మడత పెట్టి పక్కన పెట్టింది. "మీరు కూడా దాని జోలికి పోకండి. సంఘపెద్దల ఇళ్ళవాళ్ళకి రెండో వరసలో చోటిస్తారు. ఇరవై ఏళ్ళుగా పాస్టరుగారి గొంతు వినడమే కానీ, ఆయన మొహం సరిగ్గా చూసింది లేదు నేను. నాకు ఒక్కసారి అక్కడ కూర్చోవాలనుంది."

ఆ మాటకి అతనికి కోపం రాలేదు. ఇంతకాలం తను పక్కనే కూర్చున్న మనిషికి ఇంత చిన్న కోరిక ఉందని తెలుసుకోలేదు.

*

శుక్రవారం కొట్లో బావా బావమరిదీ ఎవరి పనిలో వాళ్ళు తల వంచుకునే ఉన్నారు. పదిగంటలప్పుడు పూతపనివాడు లేచి, బావమరిదిని పక్కకి జరగమని, మోటారు ముందు తనే కూర్చున్నాడు. గుర్తున్న గిన్నెని బోర్లా పట్టుకుని చక్రానికి ఆనించాడు. మేకుగీతలు చూడటానికి వంకరగా ఉన్నా లోతుగా దిగాయి. మెల్లగా, ఒక్కచోటే గుంటపడకుండా, పీట మొత్తం తిప్పుతూ తీశాడు. లోహం వేడెక్కి వేళ్ళు కాలుతుంటే నీళ్ళలో ముంచి మళ్ళీ పట్టాడు. గంటన్నర పట్టింది. ఏళ్ళ తరబడి గీకిన గీతలు గోధుమరంగు పొడిగా రాలి అతని ఒళ్ళో పడ్డాయి.

తర్వాత రెండు గిన్నెల్నీ రాగితీగెకి కట్టి, పూతతొట్లో పక్కపక్కనే వేలాడదీశాడు. ఒకటే కరెంటు, ఒకటే నీళ్ళు, ఒకటే గడియారం. రెండోదాని అంచు అరిగింది కాబట్టి దానికి ముందే విడిగా ఇంకొంచెం పూత పట్టించాడు, అదొక్కటే తేడా. బయటికి తీసినప్పుడు రెండూ మెరుపులేని తెలుపుతో, సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. మెత్తటి గుడ్డచక్రం మీద పట్టేసరికి కిటికీ, కిటికీలోంచి వీధి, వీధిలో పోయే మనుషులు అన్నీ వాటిలో కనిపించాయి. కళ్ళు మూసుకుని బావమరిదిని అటూ ఇటూ మార్చమన్నాడు. కళ్ళు తెరిచి ఎంత చూసినా ఏది ఏదో అతనికే తెలియలేదు. బావమరిది పకపకా నవ్వి, బావ వీపుమీద ఒక్కటి చరిచాడు. పూతపనివాడూ నవ్వాడు.

*

ఆదివారం అతని పెళ్ళాం రెండో వరసలో కూర్చుంది. చీర కుచ్చిళ్ళు పదిసార్లు సర్దుకుంది. పక్కనున్న అసలావిడ పలకరింపుగా నవ్వి, తన చేతిసంచి ఇద్దరి మధ్యా పెట్టుకుంది.

సంఘపెద్దగా ప్రమాణం చేయించడం సవ్యంగానే జరిగింది. పాస్టరుగారు అతని తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు, వెనక బెంచీల్లో కొంతమంది ముక్కులు చీదారు. తర్వాత పాట మొదలైంది. పాట అయ్యేలోగా పెద్దలు పాస్టరుగారి గదిలోకి వెళ్ళి రొట్టె, గిన్నెలు తీసుకురావాలి. పూతపనివాడు వెళ్ళేసరికి తాళాలమ్మ రెండు గిన్నెల్నీ పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి బోర్లించి చూస్తోంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. బడిపంతులుగారు కూడా చూశారు. ఆయన మోకాళ్ళు ఆ గదిదాకా బాగానే నడిచినట్టున్నాయి.

పాస్టరుగారు పూతపనివాడి భుజంమీద చెయ్యి వేశారు. ఇన్నేళ్ళూ నువ్వు అని పిలిచిన మనిషి ఆ రోజు మీరు అన్నారు. "మీ వృత్తి ఇది, మీ చేతులకి తెలుస్తుంది. ఏది ఏదో కాస్త చెప్పండి."

"రెండూ ఒకటేనండి."

"అది సరే. ఇంతకు ముందు?"

"ఇంతకు ముందూ రెండూ ఒకటేనండి. ఒకే అచ్చులో పోశారు."

బయట పాట అయిపోయింది. వాయించే ఆయన తలుపువైపు చూసి, ఎవరూ రాకపోయేసరికి మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నాడు. పూతపనివాడు ఒక్క మాట చెబితే చాలు. వేలెత్తి ఏదో ఒక గిన్నె చూపిస్తే చాలు, అబద్ధమైనా వాళ్ళకి నిజమే అవుతుంది. రెండో వరసలో కూర్చున్న పెళ్ళాం కళ్ళముందు మెదిలింది. అయినా చెయ్యి లేవలేదు. పాట మూడోసారి మొదలయ్యేసరికి పాస్టరుగారు నిట్టూర్చి బయటికి నడిచారు.

ఊళ్ళో జలుబులు తిరుగుతున్నాయి కాబట్టి ముందు వరసలవాళ్ళు ఈ వారానికి రొట్టె మాత్రమే తీసుకోవచ్చని ఆయన ప్రకటించారు. జలుబులు ముందు వరసల్లోనే ఎందుకు తిరుగుతున్నాయో చెప్పలేదు. గిన్నెలు రెండూ వెనక్కి వచ్చాయి. ఒకటి పూతపనివాడు పట్టుకున్నాడు, ఒకటి పాస్టరుగారే స్వయంగా పట్టుకున్నారు. ప్రతి మనిషి తాగాక పూతపనివాడు అంచు తుడిచి, గిన్నె తిప్పి, పక్కమనిషికి అందించాడు. వెనక బెంచీలవాళ్ళు పొంగిపోయారు. మనవాడు పెద్దయిన రోజున రెండు గిన్నెలూ మనకే వచ్చాయన్నారు. ఒక ముసలాయన, ఇవాళ చప్పున అయిపోయిందిరా అని అతని చెయ్యి నొక్కాడు. పూతపనివాడు తల వంచుకుని అంచు తుడుస్తూ ఉండిపోయాడు.

రెండో వరసలో అతని పెళ్ళాం ఒక్కతే గిన్నె కోసం తల తిప్పి వెనక్కి చూసింది. ఎవరూ అక్కడికి గిన్నె తేలేదు.

*

మంగళవారం తాళాలమ్మ ఒక గిన్నె తువ్వాలులో చుట్టుకుని మళ్ళీ వచ్చింది. ఆవిడ మొహంలో కోపం లేదు, బెంగ ఉంది. గుర్తు పొరపాటున పోయిందని పాస్టరుగారితో సర్దిచెప్పాననీ, ఏదో ఒక గిన్నె మీవైపు అనుకుందామనీ, మేకుతో కాకుండా ఈసారి పనివాడి చేత్తోనే చక్కగా వేయించమన్నారనీ చెప్పింది. కంటికి కనిపించనంత చిన్నదైనా ఫరవాలేదంది.

పూతపనివాడు సన్న ఉలి తీసి నూనెరాయి మీద రెండు సార్లు నూరాడు. గిన్నెని తోలుదిండు మీద బోర్లించి, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

"చెక్కుతానమ్మా. గీతలైతే అరిగిపోతాయి, అక్షరాలు లోతుగా చెక్కితే నా మనవల కాలం దాకా ఉంటాయి. ఏమని చెక్కమంటారు?"

"ఏదో ఒకటి బాబూ."

"ఏదో ఒకటి అంటే కుదరదు. ఇది ఎవరి గిన్నో, ఎందుకు విడిగా ఉంచారో, ఆ మాట మీరు నోటితో చెప్పండి. మీరు చెప్పింది చెప్పినట్టు చెక్కుతాను."

తాళాలమ్మ నోరు తెరిచింది. పెదాలు రెండు సార్లు కదిలాయి. నలభై ఏళ్ళు చేసిన పనే, పేరు పెట్టమంటే ఆవిడకి మాట దొరకలేదు. అతని చేతిలోని ఉలివంకా గిన్నెవంకా మార్చి మార్చి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె తీసుకుని, తువ్వాలు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి ఏడిపించినందుకు అతనికి బాధేసింది. ఆ బాధ కూడా తనే మొయ్యాల్సి వచ్చినందుకు ఇంకా ఎక్కువ బాధేసింది.

శుక్రవారం పాస్టరుగారు ఫోను చేశారు. పెద్దరికమంటే ఓర్పు కావాలనీ, కొంతకాలం ప్రార్థనలో ఉండమనీ, తొందరేమీ లేదనీ మెత్తగా చెప్పారు. మళ్ళీ నువ్వులోకి వచ్చేశారు. పెళ్ళాం అన్నం వడ్డించి, అతను తింటున్నంతసేపూ గోడకేసి చూస్తూ కూర్చుంది. బావమరిది కూడా ఆ రోజు నోరెత్తలేదు. ఫోను సంగతి చెబితే ఊఁ అని, చక్రానికి పాలిష్‌గడ్డ రాస్తూ ఉండిపోయాడు. వాళ్ళ మొహాన కొట్టాలనలేదు. తన బాధ చూసి మాట రాక అలా ఉన్నాడనుకున్నాడు పూతపనివాడు. శనివారం తయారైన సరుకు ఒక హోటలుకి చేర్చాల్సి ఉంటే, కొట్టు వాడికప్పగించి వెళ్ళాడు.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ వెనక బెంచీలో, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. బావమరిది వాళ్ళింకా రాలేదేమిటని అతను తలుపువైపు చూస్తుంటే, పెళ్ళాం మెల్లిగా ముందుకి చూడమంది. రెండో వరసలో బావమరిది పెళ్ళాం కూర్చుని ఉంది. బావమరిది పాస్టరుగారి ముందు తల వంచి నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి వాడి తలమీద ఉంది.

"నీకు తెలుసా?" అన్నాడు పూతపనివాడు.

"వచ్చి అడిగాడు. వెళ్ళరా అన్నాను" అంది ఆవిడ. "ఎవరో ఒకరు అక్కడ ఉండనివ్వండి."

పాట ఒక్కసారితోనే అయిపోయింది. ఒక గిన్నె ముందు వరసల్లోకి వెళ్ళింది. రెండోది ఖాళీ బెంచీలు దాటుకుని వెనక్కి వచ్చింది. బావమరిది దాన్ని రెండు చేతులా పట్టుకుని, తొణక్కుండా ఒక్కొక్క అడుగే వేస్తూ వస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. పదిరోజుల కింద తన మొహమూ ఇలాగే ఉండి ఉంటుందని పూతపనివాడికి తెలుసు. అందుకే వాణ్ణి తిట్టుకోబోయి తిట్టుకోలేకపోయాడు.

గిన్నె అతని చేతికొచ్చింది. పీట కింద వేళ్ళు పెట్టి పట్టుకున్నాడు. అడుగున గుర్తు తగిలింది. మేకుగీత కాదు. సన్న ఉలితో చెక్కిన చిన్న పువ్వు, అయిదు రేకులు. ఒక్కొక్క రేకూ మొదట లోతుగా దిగి, వంపు తిరిగి, చివర వెంట్రుకంత సన్నగా తేలిపోయింది. చేతి మణికట్టు తిప్పకుండా, కింద దిండు తిప్పితేనే ఆ వంపు వస్తుంది. ఆరేళ్ళ కింద పాత ఇత్తడి రేకుల మీద, వాడి చెయ్యి తన చేత్తో పట్టుకుని నేర్పిన వంపు అది. ఎక్కడా ఉలి జారలేదు, గరుకు లేదు. అంత బాగా వాడు ఇంతవరకు ఎప్పుడూ చెక్కలేదు.

పైకి చూశాడు. బావమరిది కళ్ళు దించేసుకున్నాడు.

"బావా, తాగు" అన్నాడు గొంతులోనే. "అందరూ చూస్తున్నారు."

"పని బాగా కుదిరిందిరా" అన్నాడు పూతపనివాడు.

తాగకుండానే గిన్నె పెళ్ళానికి అందించాడు. ఆవిడ అతని మొహం చూసింది, తర్వాత తమ్ముడి మొహం చూసింది. కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగి, పక్కమనిషికి ఇచ్చింది. అక్కణ్ణుంచి గిన్నె బెంచీ చివరిదాకా వెళ్ళింది, వెనక బెంచీకి వెళ్ళింది, ఆ వెనక బెంచీకి వెళ్ళింది. తమవాళ్ళంతా వరసగా తాగుతుంటే, పూతపనివాడు వాళ్ళ మధ్యలో ఒక్కడే ఎండిన నోటితో కూర్చున్నాడు.